రెండు హాంబర్గర్లు, పేరు రాయని చెక్కు

1989 జూలై. టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో సెనేట్ ప్రత్యేక సమావేశం నడుస్తోంది. లోనీ ‘బో’ పిల్‌గ్రిమ్ అనే కోళ్ల వ్యాపారి సభ లోపలికే నడిచి వెళ్లి సభ్యుల చేతుల్లో పదేసి వేల డాలర్ల చెక్కులు పెట్టాడు. అప్పుడు సభ ముందున్నది, పనిచేసే చోట గాయపడ్డ కార్మికులకు పరిహారం ఎలా ఇవ్వాలన్న బిల్లు. కోళ్లు కోసే ఫ్యాక్టరీల యజమానికి ఆ బిల్లుతో ఏం పనో విడమరచి చెప్పనక్కర్లేదు. చెక్కుల మీద అంకె ఉంది, సంతకం ఉంది. ఎవరికి అన్న గీత మీద మాత్రం పేరు లేదు. అది ఎన్నికల విరాళమేనని ఆయన అన్నాడు. ఆస్టిన్‌లో జిల్లా ప్రాసిక్యూటర్‌గా ఉన్న రానీ అర్ల్ వెతికితే, కేసు పెట్టడానికి చట్టంలో సెక్షన్ దొరకలేదు.

అంతకు పదిహేనేళ్ల ముందు, 1974 జూన్‌లో, కాలిఫోర్నియా ఓటర్లు ప్రాపొజిషన్ 9ని దాదాపు 70 శాతం ఓట్లతో గెలిపించారు. చట్టసభను పక్కన పెట్టి జనమే నేరుగా ఓటేసి చేసుకునే చట్టాలు ఆ రాష్ట్రంలో మామూలే. వాటర్‌గేట్ వేడి మీద వచ్చిన ఈ రాజకీయ సంస్కరణల చట్టం ప్రకారం ఒక లాబీయిస్టు ఒక శాసనసభ్యుడికి నెలకు పది డాలర్లకు మించి ఏమీ ఇవ్వకూడదు, పెట్టకూడదు. అప్పటి రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ జెర్రీ బ్రౌన్ ఆ పది డాలర్లను జనానికి అర్థమయ్యే లెక్కలో చెప్పాడు: రెండు హాంబర్గర్లు, ఒక కోక్. ఆ ఏడాది చివర్లో ఆయన గవర్నర్‌గా గెలిచాడు. యాభై ఏళ్లలో ధరలు ఎన్ని రెట్లు పెరిగినా ఆ పది మాత్రం పదిగానే ఉంది. ఇవాళ రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో కూర్చుని తినే చోట పది డాలర్లకు ఒక హాంబర్గర్ రావడమే కష్టం. రెండోదీ కోకూ శాసనసభ్యుడు సొంత జేబులోంచి కొనుక్కోవాల్సిందే.

ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెడితే కాలిఫోర్నియా మంచి బాలుడు, టెక్సాస్ అల్లరి పిల్లాడు అనిపిస్తుంది. అమెరికా పత్రికల్లో ఈ పోలిక చేసేవాళ్లు చాలామంది ఆ మాట అనేసి చేతులు దులుపుకుంటారు. చట్టాలు విప్పి చదివితే నాకు కనిపించింది వేరు. రెండు రాష్ట్రాలూ దొంగ ఎటు నుంచి వచ్చాడో అటువైపే గోడ కట్టాయి. కాలిఫోర్నియాలో దొంగ భోజనాల బల్ల దగ్గర దొరికాడు కాబట్టి అక్కడి చట్టం కంచాన్ని కొలుస్తుంది. టెక్సాస్‌లో సభ మధ్యలోనే దొరికాడు కాబట్టి అక్కడి చట్టం చోటునీ తేదీనీ కొలుస్తుంది. డబ్బు రెండుచోట్లా గోడ చివరిదాకా నడిచి, చుట్టూ తిరిగి లోపలికి వచ్చింది.

లాబీయింగ్‌కి మనకు చక్కటి మాట ఉంది, పైరవీ. మాట ఉందిగానీ దాన్ని అదుపు చేసే చట్టం లేదు. అమెరికా రాష్ట్రాల్లో పైరవీకారుడు పేరు నమోదు చేయించుకుని, ఎవరి తరఫున పనిచేస్తున్నాడో, ఎంత పుచ్చుకుంటున్నాడో రాసిచ్చి దర్జాగా ఆ పని చేసుకుంటాడు. పైరవీ ఉండవచ్చా అన్న చర్చ అక్కడ ఎప్పుడో ముగిసింది. మిగిలింది ఆ చేయి ఎంతదూరం చాచవచ్చన్నదే.

కాలిఫోర్నియాలో ఆ చేయి ఎంతదూరం వెళ్లిందో చూడాలంటే ఆర్టీ సామిష్ ఫొటో చూడాలి. బీరు, మద్యం, గుర్రప్పందేల వ్యాపారుల తరఫున పైరవీ చేసిన భారీకాయుడు. 1949లో కోలియర్స్ పత్రికకు ఒళ్లో మాట్లాడే బొమ్మను కూర్చోబెట్టుకుని ఫొటో దిగాడు. ఆ బొమ్మ కాలిఫోర్నియా చట్టసభ అట. నలుగురికీ తెలిసిన విషయమే అయినా ఫొటోగా అచ్చులో చూస్తే సభ్యులకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆయన్ని సభ గడప తొక్కనివ్వమన్నారు. చివరికి 1953లో ఆయనకు శిక్ష పడింది ఆదాయపు పన్ను ఎగ్గొట్టినందుకు. పైరవీ చేసినందుకు కాదు.

ఆ తరవాతి తరంలో అసెంబ్లీ స్పీకర్ జెస్సీ ఉన్రూ ఈ వ్యవహారానికి ఒక సిద్ధాంతమే తయారుచేశాడు. రాజకీయానికి డబ్బు తల్లిపాలు అన్నది ఆయన మాటే. ఇంకొకటి కూడా అన్నాడు, మర్యాదగా చెబితే ఇలా ఉంటుంది: పైరవీకారుల తిండి తిని, మందు తాగి, డబ్బు తీసుకుని, ఆ తరవాత వాళ్లకు వ్యతిరేకంగా ఓటేయలేనివాడికి సభలో ఏం పని? మనం తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ని ద్రోహి అంటాం. ఉన్రూ లెక్కలో వాసాలు లెక్కపెట్టగలిగినవాడే అసలైన ప్రజాప్రతినిధి. వినడానికి బాగుంది. కానీ రోజూ అదే ఇంట్లో తినేవాడు వాసాలు లెక్కపెట్టడం ఎప్పుడో ఒకప్పుడు మానేస్తాడు. ఉప్పు తిన్న విశ్వాసం అనేది లంచం కన్నా మెత్తగా, లంచం కన్నా ఎక్కువకాలం పనిచేస్తుంది. పది డాలర్ల నిబంధన రాసినవాళ్లు ఉన్రూ ధైర్యాన్ని నమ్మలేదు, మనిషి బలహీనతను నమ్మారు. నా దృష్టిలో ఆ చట్టంలోని గొప్ప గుణం అదే. మన కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి మామూలుగా పెట్టే భోజనాన్నీ, దారిలో ఎక్కించుకున్న కారు ప్రయాణాన్నీ కానుక కింద లెక్కించదు. అతిగా, తరచుగా వద్దు అని ఊరుకుంటుంది. అతి ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోవలసింది తినేవాడే.

ఇక టెక్సాస్ చట్టం చదవండి. లాబీయిస్టు నగదు ఇవ్వకూడదు, అప్పు ఇవ్వకూడదు. కానుకలు ఏడాదికి 500 డాలర్లు దాటకూడదు, వినోదాల ఖర్చు మరో 500 దాటకూడదు. తిండికీ తాగుడికీ మాత్రం పరిమితి లేదు. ఒకే ఒక్క షరతు, పెట్టేవాడు పక్కన కూర్చోవాలి! మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. పైరవీకారుడి బిల్లు మీద ఒంటరిగా భోంచేస్తే తప్పు, ఆయన ఎదురుగా కూర్చుని చెవిలో చెప్పుకుంటూ తినిపిస్తే ఒప్పు. రెండింట్లో ప్రజలకు ఎక్కువ హాని చేసేది ఏదో చంటిపిల్లాడు కూడా చెబుతాడు. శాసనసభ్యుడి రోజుభత్యంలో 60 శాతం దాటిన విందు అయితే ఎవరికి పెట్టారో పేరుతో సహా వివరాలు రాయాలి. అందుకే నలుగురైదుగురు లాబీయిస్టులు ఒకే బల్ల దగ్గర కూర్చుని బిల్లు పంచుకుంటారు. ఒక్కొక్కరి వాటా ఆ గీత కిందికి జారుతుంది. తిన్నవాడి పేరు ఎక్కడా కనబడదు.

టెక్సాస్ పక్షాన చెప్పవలసిందీ ఉంది. అక్కడి సభ్యుడి జీతం నెలకు 600 డాలర్లు. సాధారణ సమావేశాలు రెండేళ్లకోసారి, 140 రోజులు. మిగతా కాలం లాయరో పశువుల పెంపకందారో తన పని తను చేసుకుంటాడని ఆ వ్యవస్థ ఊహ. కాలిఫోర్నియా 1966లోనే చట్టసభను పూర్తికాలపు ఉద్యోగం చేసింది. 2024లో అక్కడి సభ్యుడి జీతం ఏడాదికి లక్షా 28 వేల డాలర్లు దాటింది. కడుపు నిండినవాడికి పది డాలర్ల కంచం చూపించడం తేలిక. ఏడాదికి 7,200 ఇచ్చి, ఎవరి చేతి ముద్దా ముట్టవద్దంటే డబ్బున్నవాళ్లు తప్ప సభకు ఎవరొస్తారు? ఈ వాదనను నేను తీసిపారేయలేను. అయితే జీతం పెంచే ప్రతిపాదనలను ఓడిస్తూ, విందులను మాత్రం అలాగే ఉంచడంలో ఎవరి లాభం ఉందో కూడా చూడాలి.

టెక్సాస్ అసలు నమ్మకం వేరే ఉంది. ఇవ్వండి, పుచ్చుకోండి, కానీ చెప్పండి. 1971–72లో షార్ప్స్‌టౌన్ కుంభకోణం హ్యూస్టన్ బ్యాంకరు ఫ్రాంక్ షార్ప్‌తో మొదలై హౌస్ స్పీకర్ గస్ మషర్‌కు శిక్ష పడేదాకా వెళ్లింది. 1973లో కొత్త సభ బహిరంగ రికార్డుల చట్టం, లాబీ నమోదు, విరాళాల వెల్లడి నిబంధనలు తెచ్చింది. దాచకపోతే చాలు, మిగతాది ఓటరే చూసుకుంటాడన్న సిద్ధాంతం అలా స్థిరపడింది. గౌరవించదగ్గ సిద్ధాంతమే. దాన్ని టెక్సాసే గౌరవించలేదు.

2006లో జరిగింది చూడండి. బిల్ సెవెర్హా అనే మాజీ సభ్యుడు రాష్ట్ర ఉద్యోగుల పింఛను నిధి బోర్డులో ఉన్నాడు. ఇళ్లు కట్టే కోటీశ్వరుడు బాబ్ పెర్రీ ఆయనకు మొత్తం లక్ష డాలర్ల కానుక ఇచ్చాడు. వెల్లడి పత్రంలో కానుక వివరం రాయాలి కదా, సెవెర్హా రాశాడు: ‘చెక్కు’. ఎంతకి అన్నది రాయలేదు. ఫిర్యాదు టెక్సాస్ ఎథిక్స్ కమిషన్ ముందుకు వచ్చింది. చెక్కు అన్నది కూడా వివరణే, మొత్తం రాయనక్కర్లేదు అని కమిషన్ తేల్చింది. అంతకు పదిహేడేళ్ల ముందు పిల్‌గ్రిమ్ మీద సెక్షన్ దొరకని రానీ అర్ల్ అప్పటికీ అదే పదవిలో ఉన్నాడు. ఈ లెక్కన నోట్లు నిండిన చక్రాల బండిని కానుకగా పుచ్చుకుని కాగితం మీద ‘చక్రాల బండి’ అని రాస్తే సరిపోతుందన్నమాట అని ఎద్దేవా చేశాడు. మరుసటి ఏడాది చట్టం మార్చి నగదు కానుకల విలువ రాయాలన్నారు. పిల్‌గ్రిమ్ చెక్కు మీద అంకె ఉండి పేరు లేకపోయింది. సెవెర్హా పత్రంలో పేర్లన్నీ ఉండి అంకె లేకుండా పోయింది. ఆ రాష్ట్రంలో చెక్కు మొత్తంగా వెలుగు చూడాలంటే రెండు కుంభకోణాలు కావలసొచ్చాయి.

ఆ కమిషన్ పుట్టుక కూడా చెప్పాలి. పిల్‌గ్రిమ్ చెక్కుల గొడవతో 1991లో రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చింది. సభ్యులు ఎనిమిది మంది. గవర్నర్ నలుగురిని, లెఫ్టినెంట్ గవర్నర్ ఇద్దరిని, స్పీకర్ ఇద్దరిని నియమిస్తారు. అదీ శాసనసభా పక్షాలు ఇచ్చిన జాబితాల్లోంచే. రెండు పార్టీలకూ చెరిసగం. గట్టి చర్య ఏదైనా తీసుకోవాలంటే ఆరు ఓట్లు పడాలి. అంటే దొంగతనం విచారించే పంచాయితీ పెద్దల జాబితాను అనుమానితులే రాసిస్తారు. కాలిఫోర్నియా కమిషన్‌లో ఐదుగురు. గవర్నరే కాక అటార్నీ జనరల్, సెక్రటరీ ఆఫ్ స్టేట్, కంట్రోలర్ కూడా నియమిస్తారు, చట్టసభకు అందులో వాటా లేదు. ఏటా కనీసం పది లక్షల డాలర్లు, ధరలతోపాటు పెంచుతూ ఇవ్వాలని ప్రాపొజిషన్ 9లోనే రాసిపెట్టారు. అలిగిన చట్టసభ కమిషన్ గొంతు నులమకుండా ఓటర్లు తీసుకున్న ముందుజాగ్రత్త అది. ఆ ముందుజాగ్రత్త 2012లో అక్కరకొచ్చింది. అరిజోనా నుంచి ఎన్నికల ప్రచారానికి అనామకంగా వచ్చిన 1.1 కోట్ల డాలర్ల జాడ తీయాలని కమిషన్ కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది ఆ సొమ్ము చేతులు మార్చిన సంస్థలకు పది లక్షల జరిమానా వేసింది. రెండు చట్టాల మధ్య నాకు కనిపించిన నిజమైన తేడా ఇక్కడుంది. పది డాలర్లా 500 డాలర్లా అన్నది దీని ముందు చిన్న విషయం.

అలాగని కాలిఫోర్నియాకు హారతి పట్టనక్కర్లేదు. పది డాలర్ల పరిమితి లాబీయిస్టుకే. ఆయన్ని జీతానికి పెట్టుకున్న కంపెనీ మాత్రం మామూలు కానుకల పరిమితిలో, అంటే 2025–26లో ఏడాదికి 630 డాలర్ల దాకా ఇవ్వవచ్చు. నౌకరుకు పది, యజమానికి ఆరువందల ముప్ఫై. 2014లో ఒక ప్రముఖ లాబీయిస్టు తన ఇంట్లో ఖరీదైన వైన్, సిగార్లతో విరాళాల విందులు నడిపి 1,33,500 డాలర్ల జరిమానా కట్టాడు. ఆ విందులతో లాభపడ్డ దాదాపు నలభై మంది నాయకులకు కమిషన్ హెచ్చరిక లేఖలు పంపింది. అందుకున్నవాళ్లలో ఒకాయన గవర్నర్ జెర్రీ బ్రౌన్. అవును, రెండు హాంబర్గర్ల బ్రౌనే, మళ్లీ గవర్నరై కూర్చున్నాడు. అదే ఏడాది కానుకల పరిమితిని 440 నుంచి 200కు తగ్గించే బిల్లు సభలో గెలిచి ఆయన బల్ల మీదికొస్తే తిరస్కరించాడు. ఇప్పటికే ఉన్న వెల్లడి నిబంధనలు సరిగ్గా పాటిస్తే చాలన్నది ఆయన వాదన. ముప్ఫై ఆరేళ్ల వయసులో కంచం కొలిచిన మనిషి, డెబ్భై ఆరేళ్లకు అచ్చం టెక్సాస్ భాష మాట్లాడాడు.

విరాళాల దగ్గరికొస్తే తేడా కళ్లు చెదిరేలా ఉంటుంది. టెక్సాస్‌లో జడ్జీల ఎన్నికలకు తప్ప మరే రాష్ట్ర పదవికీ వ్యక్తి ఇచ్చే విరాళానికి పరిమితి లేదు. కంపెనీలు, కార్మిక సంఘాలు అభ్యర్థికి నేరుగా ఇవ్వకూడదు, అంతే. 2023 డిసెంబరులో పెన్సిల్వేనియా కోటీశ్వరుడు జెఫ్ యాస్ గవర్నర్ ఆబట్‌కు ఒకే విరాళంగా 60 లక్షల డాలర్లు ఇచ్చాడు. ప్రైవేటు బడి ఫీజులకు ప్రభుత్వ సొమ్ము ఇవ్వాలన్నది యాస్ పట్టుదల. 2025 మేలో ఆ చట్టం మీద ఆబట్ సంతకం పెట్టాడు. ఇంతకన్నా ఘాటైనది 2023 జూన్‌లో జరిగింది. అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ అభిశంసన విచారణకు న్యాయమూర్తి స్థానంలో కూర్చోవలసినవాడు లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్. విచారణకు ముందు పాక్స్టన్ పక్షాన నిలిచిన ఒక కమిటీ పాట్రిక్‌కు పది లక్షల విరాళం, ఇరవై లక్షల అప్పు ఇచ్చింది. సెప్టెంబరులో పాక్స్టన్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఒకదానికొకటి కారణమని నేననడం లేదు. అనవలసిన అవసరం రాకుండా చూడడానికే కదా ఇలాంటి చట్టాలు.

కాలిఫోర్నియాలో అసెంబ్లీ అభ్యర్థికి ఒకరు ఒక ఎన్నికకు ఇవ్వగలిగింది 5,900 డాలర్లు. గవర్నర్ అభ్యర్థికైతే 39,200. బాగానే ఉంది. కానీ 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు విరాళానికి హద్దు పెట్టవచ్చుగానీ ఖర్చుకు పెట్టకూడదన్నది. ప్రాపొజిషన్ 9లోని ఖర్చు పరిమితులు ఆ దెబ్బతో పోయాయి. బ్యాలట్ ప్రతిపాదనలకిచ్చే విరాళాలకైతే అసలు హద్దే లేదు. 2020లో ఊబర్, లిఫ్ట్, డోర్‌డాష్ వంటి కంపెనీలు తమ డ్రైవర్లను ఉద్యోగులుగా గుర్తించకుండా ఉండేందుకు ప్రాపొజిషన్ 22 మీద 20 కోట్ల డాలర్లకు పైగా పోసి గెలిచాయి. చట్టసభ్యుడికి కాఫీ ఇప్పించడం దేనికి, చట్టాన్నే కొనుక్కోవచ్చు కదా! పైరవీకారుల పెత్తనం నుంచి తప్పించుకోవడానికి జనం వాడుకున్న తలుపు అదే, ప్రాపొజిషన్ 9 వచ్చిన తలుపు. మన దగ్గర లెక్క తలకిందులు. ఆంధ్ర, తెలంగాణ అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల హద్దు ఉంది, పార్టీ ఖర్చుకు లేదు, వ్యక్తి ఇచ్చే విరాళానికీ లేదు.

కాలిఫోర్నియాలో నన్ను నిజంగా ఆకట్టుకున్నది ఎవరూ పెద్దగా మాట్లాడుకోని ఒక నిబంధన. 1982 నాటి లెవీన్ చట్టం ప్రకారం లైసెన్సు, పర్మిట్ లాంటివి తేల్చే అధికారి, గడిచిన పన్నెండు నెలల్లో ఆ దరఖాస్తుదారు నుంచి నిర్ణీత మొత్తానికి మించి విరాళం తీసుకుని ఉంటే ఆ ఫైలు ముట్టకూడదు. మొదట 250 డాలర్లు, ఇప్పుడు 500. ఎన్నికైన స్థానిక ప్రతినిధులకు చాలాకాలం మినహాయింపు ఉండేది. 2023 నుంచి నగర కౌన్సిల్ సభ్యులకూ వర్తిస్తోంది. అపార్ట్‌మెంట్ ప్లానుకు మునిసిపల్ ఆమోదం కోసం కాళ్లరిగేలా తిరిగిన తెలుగువాడికి దీని విలువ ఒక్క క్షణంలో అర్థమవుతుంది. ఎవరు ఎంత తిన్నారన్న లెక్క పక్కన పెట్టి, తిన్న చేత్తో సంతకం పెట్టవద్దంటుంది ఈ నిబంధన. ఇలాంటిది టెక్సాస్ నేర్చుకుంటే బాగుండేది.

డాలస్ పక్కన ఫ్రిస్కో, అర్వింగ్‌లలో, బే ఏరియాలో ఫ్రీమాంట్, సన్నీవేల్‌లలో ఉన్న మనవాళ్లకు ఈ తేడా పుస్తకాల్లోది కాదు. అభ్యర్థులు అక్కడి కమ్యూనిటీ హాళ్లకు వస్తున్నారు, శాలువాలు కప్పించుకుంటున్నారు, ఫొటోలు దిగుతున్నారు, విరాళాలు అడుగుతున్నారు. హెచ్1బీ మీద ఉన్నవాడు ఏ రాష్ట్రంలోనూ ఒక్క డాలరూ ఇవ్వకూడదు, అది ఫెడరల్ చట్టం. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వవచ్చు. పౌరుడైన అన్నయ్య ఫ్రిస్కోలో లక్ష ఇస్తే చట్టబద్ధం, ఫ్రీమాంట్‌లో అసెంబ్లీ అభ్యర్థికి ఒకే ఎన్నికకు ఆరు వేలు ఇస్తే నేరం. ఆ ఆరు వేలను బావమరిది పేరు మీదా తోడల్లుడి పేరు మీదా విడగొట్టి రాయిస్తే? మన బినామీ తెలివి అక్కడ చెల్లదు. ఇతరుల పేరు మీద విరాళమివ్వడం రెండు రాష్ట్రాల్లోనూ నేరమే. చందా పుస్తకంలో ఇంటిల్లిపాది పేర్లూ రాయించడం మనకు అలవాటు కాబట్టి ఈ ఒక్క విషయంలో జాగ్రత్త మంచిది.

టెక్సాస్ తన గోడ కట్టుకున్న తీరు చెప్పి ఆపుతాను. పిల్‌గ్రిమ్ ఉదంతం మళ్లీ జరగకుండా, చట్టసభ కొలువుండే కాపిటల్ భవనంలో విరాళం ఇవ్వడం, పుచ్చుకోవడం ఇప్పుడు నిషేధం. సాధారణ సమావేశానికి 30 రోజుల ముందు నుంచి, ముగిసిన 20 రోజుల దాకా శాసనసభ్యులు, రాష్ట్రస్థాయి పదవుల్లో ఉన్నవాళ్లు విరాళాలు తీసుకోకూడదు. చట్టంలో ఉన్న మాట మాత్రం సాధారణ సమావేశం అనే. గవర్నర్ పిలిచే ప్రత్యేక సమావేశాలకు ఆ నిషేధం లేదు. 1989 జూలైలో నడుస్తున్నది ప్రత్యేక సమావేశం. కాబట్టి అదే కోళ్ల వ్యాపారి అలాంటి వేసవిలోనే మళ్లీ ఆస్టిన్ వస్తే, కాపిటల్ మెట్లు దిగి, ఆవరణ దాటి, కాంగ్రెస్ అవెన్యూలో ఏదో ఒక కాఫీ కొట్లో కూర్చోవాలి. సెనేటర్‌ను అక్కడికి పిలిపించుకోవాలి. చెక్కు మీద ఈసారి పేరు రాయాలి. అంకె ఎంతన్నది ఆయన ఇష్టం.